ఐడా చాక్లెట్ చిట్టెలుకలు

టాడ్‌మోర్డెన్ అనే ఇంగ్లిషు ఊరి నూలు మిల్లులో ఐడా క్రాబ్‌ట్రీ ముప్ఫై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడింది. పెళ్ళి మాట తలపెట్టలేదు. పెరటి కొట్టంలో చిట్టెలుకల్ని పెంచింది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒకటే చాక్లెట్ రంగు, పొట్ట కింద కూడా ఎక్కడా పాలిపోకూడదు. ఆ రంగు తేవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. పెంపుడు ఎలుకల అందాల పోటీల్లో న్యాయనిర్ణేత ఆమె ఎలుకను చేతి మీద నిలబెట్టుకుంటే పక్కవాళ్ళు మాటలాపి చూసేవారు.

యాభయ్యో ఏట ఆయాసం మొదలైంది. మిల్లు దూదే కారణమనుకుంది. డాక్టరు కాదన్నాడు.

"ఎలుకల బొచ్చు, వాటి ఉచ్చ నీకు పడటం లేదమ్మా. ఎలుకలు కావాలో ఊపిరి కావాలో తేల్చుకో."

"రెండూ కొంచెం కొంచెం ఉంచుకోకూడదా డాక్టరుగారూ?"

ముక్కుకు గుడ్డ కట్టుకుని నెల రోజులు నెట్టుకొచ్చింది. ఒక ఉదయం కొట్టంలోనే కూలబడింది. బొగ్గు వేయడానికొచ్చిన ఎనక్ సట్‌క్లిఫ్ ఆమెను మోసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టాడు. పోటీల్లో ఏళ్ళ తరబడి ఆమె చేతిలో ఓడిపోయినవాడు అతనే. ఎలుకలన్నీ ఆ వారమే అతనింటికి వెళ్ళిపోయాయి.

ఏడాదిన్నర గడిచింది. నవంబరులో చర్చి హాల్లో పోటీ పెట్టారు. లోపలికి వెళితే ఊపిరాడదు కాబట్టి ఐడా వానలో కిటికీ బయట నిలబడింది. ఎనక్ లోపలి నుంచి ఒక ఎలుకను అరచేతిలో పెట్టి అద్దానికి ఆనించాడు.

"రెండో బహుమతి! చూడవే, ఎంత ఒళ్ళు చేసిందో!"

పొట్ట గోధుమరంగులోకి తిరిగి ఉంది.

"దేనితో కలిపావురా?" అని అద్దం మీద తట్టి అరిచింది.

"నా లేతరంగు పోతుతో. నీవి మరీ సన్నగా ఉన్నాయి కదా!"

"అసలువి ఏమైనా మిగిలాయా?"

ఎనక్ ముఖం దించుకున్నాడు. "ముసలి ఆడవి ఈతలు మానేశాయి ఐడా. చివరిది ఈస్టరుకు పోయింది."

దగ్గు తెర విడిచేదాకా ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"చెవులు బాగున్నాయి," అంది చివరికి. ఆ మాట అద్దం దాటి అతనికి వినపడిందో లేదో. లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ప్రతి పోటీకీ వచ్చి ఆ కిటికీ దగ్గరే నిలబడేది, దేనిని దేనితో జత కట్టాలో వేళ్ళతో సైగ చేసి చెప్పేది. ఎనక్ శ్రద్ధగా తలూపేవాడు. ఇంటికెళ్ళి తన ఇష్టమొచ్చినట్టే చేసేవాడు.