గొళ్ళెం మామయ్య, ఆసుపత్రి తాళం

ఆ వీధిలో అందరూ ఆయన్ని గొళ్ళెం మామయ్య అనేవాళ్ళు. మొహం మీదే అన్నా ఆయనకు కోపం వచ్చేది కాదు. తాళాలు బాగుచేసే మనిషికి అంతకన్నా తగిన పేరేముంటుంది? అయితే ఆ పేరు పని వల్ల రాలేదు, బుద్ధి వల్ల వచ్చింది. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి లాగి చూసేవాడు. కూరగాయలు తూచేటప్పుడు అందరూ కాటా చూస్తే ఆయన అమ్మేవాడి చిటికెన వేలు చూసేవాడు. ఎవరైనా పలకరింపుగా నవ్వితే, ఎందుకు నవ్వాడా అని ఆ పూటంతా తల బద్దలుకొట్టుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య "మీరంటే నాకిష్టం" అంటే, "ఇలా అనమని నీకెవరు చెప్పారు?" అని అడిగాడట. ఈ సంగతి ఆవిడే కడుపుబ్బ నవ్వుతూ వీధంతా చెప్పింది కాబట్టి నిజమే అయ్యుంటుంది.

మేడమెట్ల కింద చిన్న గూడులాంటి కొట్టు ఆయనది. కూర్చుంటే తల పైమెట్టుకు తగులుతుంది. గోడ నిండా మేకులు, మేకుల నిండా గీతలు పడని కొత్త తాళంచెవులు. ఎవరైనా చెవి తెచ్చి ఇలాంటిదే ఇంకోటి కావాలంటే చేసిచ్చేవాడు కాదు. "ముందు తలుపు చూపించు" అనేవాడు. తలుపు దాకా నడిచి వెళ్ళి, ఆ ఇంట్లో ఉండేది వచ్చినవాడే అని నలుగుర్నీ అడిగి తెలుసుకుని, అప్పుడు ఆకురాయి పట్టుకునేవాడు. ఈ చాదస్తం భరించలేక కొంతమంది పెద్ద బజారుకు పోయేవాళ్ళు. ఊరెళ్ళేటప్పుడు మాత్రం వాళ్ళు కూడా ఇంటి తాళంచెవి తెచ్చి ఆయన చేతిలోనే పెట్టేవాళ్ళు. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషిని వీధంతా కళ్ళు మూసుకుని నమ్మింది.

భార్య మెషిను మీద బట్టలు కుట్టేది. కాలితో తొక్కే మెషిను. ఏడాది క్రితం కుడి పాదం అడుగున చిన్న పుండు లేచింది. ఒంట్లో చక్కెర ఉంది కాబట్టి అది మానలేదు, లోపలికి తొలుచుకుపోయింది. రోజు విడిచి రోజు కడిగి కట్టు మార్చాలి, అశ్రద్ధ చేస్తే వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుందని పెద్దాసుపత్రిలో ముందే చెప్పారు. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. ఆ తోపులాటలో ఎవరో ఒకరు ఆ కాలే తొక్కేవారు. దాంతో ఆవిడ "ఈ రోజు తగ్గినట్టే ఉందండీ" అని వాయిదాలు వేసేది. మెషిను మీద దుప్పటి కప్పేశారు.

వీధి చివర చిన్న ఆసుపత్రి ఒకటి ఉందనే మాటేగానీ, దానికి తాళం పడి చాలాకాలమైంది. దాని వెనక ఒక కథ ఉంది. కిందటి ఎన్నికల్లో పార్లమెంటుకు నిలబడినాయన ఇల్లిల్లూ తిరిగి, ఆ భవనానికి కొత్త బోర్డు పెట్టించి ఫొటోలు దిగాడు. పక్కనే పళ్ళికిలిస్తూ నిలబడ్డది ఎవరనుకున్నారు, మన గొళ్ళెం మామయ్యే. జీవితంలో ఒక్కసారి ఒక్క మనిషిని నమ్మాడు. ఓట్లు పడేదాకా నర్సు వచ్చింది. తర్వాత నర్సూ లేదు, కుర్చీలూ లేవు, చివరికి ఫ్యాను కూడా ఊడదీసుకుపోయారు. ఆ ఫొటో ఉన్న కాగితాన్ని టీకొట్టువాడు గోడకు అంటించి, "మామయ్యా, మీ ఆసుపత్రి ఎప్పుడు తెరుస్తారు?" అని చాలా రోజులు ఏడిపించాడు. ఆయనకు అన్నం సయించలేదు. ఇక చస్తే ఎవడినీ నమ్మనని ఒట్టు పెట్టుకున్నాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి నిలబడ్డది ఒకావిడ, స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ముందు మైకు బండి వచ్చి చెవులు చిల్లులు పొడిచింది. వెనకాలే ఆవిడ కాలినడకన గుమ్మం గుమ్మం ఎక్కుతూ వచ్చింది. వీళ్ళింటికీ వచ్చింది. దుప్పటి కప్పిన మెషినునూ, కట్టు కట్టిన కాలునూ చూసి, అడక్కుండానే మెషిను ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"కాలికేమైందమ్మా?"

భార్యకు అంత మాత్రం చాలు. పుండు పుట్టు పూర్వోత్తరాలన్నీ చెప్పేసింది. మామయ్య మాత్రం తలుపు దగ్గర చేతులు కట్టుకుని, వచ్చినావిడ వెనక కెమెరా పట్టుకున్నవాణ్ణి చూస్తున్నాడు.

"మా చిన్నాన్న కూతురు డాక్టరు. మొన్నే రిటైరైంది. పొద్దున పూట మీ వీధి ఆసుపత్రిలో కూర్చుంటానంది. భవనం వాడుకోవడానికి ఆఫీసువాళ్ళ అనుమతి తీసుకున్నాం" అంది ఆవిడ.

"ఓట్లయ్యాక?" అన్నాడు మామయ్య.

"ఓట్లకీ దానికీ సంబంధం లేదండీ."

ఆ మాటతో ఆయనకు ఉన్న కాస్త అనుమానమూ రూఢి అయిపోయింది. ఓట్లకోసం తిరిగే మనిషి ఓట్లతో సంబంధం లేదంటే, అంతకు మించిన బుకాయింపు ఉంటుందా? ఆవిడ వెళ్ళగానే "మన చెవిలో పూలు పెట్టిపోయింది" అన్నాడు.

"పోనీ రానివ్వండి. వస్తే మంచిదేగా" అంది భార్య. ఆ గొంతులో ఆశ విని ఆయనకు కోపం వచ్చింది. ఆశపడి భంగపడేది తను కాదు, ఆ పిచ్చిది అని ఆయన కోపం.

రెండ్రోజులకు ప్రచారం పనులు చూసే మనిషి కొట్టుకొచ్చాడు. రెండు చెవుల్లోనూ ఫోను తాలూకు తెల్లముక్కలు పెట్టుకుని తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఉండేవాడు. ఆసుపత్రి కడిగించి, సున్నం వేయించి తాళం వేశాక దాని చెవి ఆఫీసులో ఎక్కడో పోయిందట. సుత్తితో పగలగొడితే చూడ్డానికి బాగుండదు, అందరి ముందూ మేడమ్ చెవి పెట్టి తిప్పితేనే అందంగా ఉంటుంది, కాబట్టి కొత్త చెవి చెయ్యాలన్నాడు.

"అందం దేనికి? కెమెరాకా?"

"దానికీ కావాలి కదండీ" అని నవ్వాడు అతను. ఎందుకు నవ్వాడో మామయ్యకు ఇక ఆలోచించాల్సిన పని లేకపోయింది.

చెయ్యనని చెప్పేద్దామనుకున్నాడు. కానీ భవనం తాలూకు వాచ్‌మన్‌ని అతను వెంటబెట్టుకు వచ్చాడు, కాగితం చూపించాడు. పైగా ఇంట్లో భార్య అప్పటికే ఆసుపత్రికి కట్టుకెళ్ళడానికి చీర తీసి పెట్టుకుంది. సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

గేటు తాళం పాతదేగానీ గట్టిది. గీతల్లేని చెవిని దీపం మీద మసి పట్టించి, తాళంలోకి దోపి, కొంచెం తిప్పి తీస్తే లోపలి పళ్ళు తగిలినచోట మసి చెదురుతుంది. అక్కడ ఆకురాయితో రాయాలి. మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం, మళ్ళీ రాయడం. మధ్యాహ్నానికల్లా చెవి వెన్నలో కత్తిలా తిరిగింది. వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్ళాడు. మామయ్య గేటు దాటి వెళ్ళి గదిలోకి తొంగిచూశాడు.

గది కడిగి ఉంది. గోడలకు కొత్త సున్నం. కిటికీకి తెల్లటి పరదా. ఒక బల్ల, ఒక కుర్చీ. గోడవార మందుల బీరువా ఒకటి, దాని రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. లోపల ఒక్క సీసా లేదు, ఒక్క దూదిపింజ లేదు. అన్ని అరలూ ఖాళీ.

ఆయనకు గుండె భగ్గుమంది. పరదాకు డబ్బులున్నాయి గానీ దూదికి లేవు. ఫొటోలో పరదా పడుతుంది, దూది పడదు. ఆసుపత్రి కాదు ఇది, నాటకాల గది. రేపు ఇక్కడ తన భార్యను నిలబెట్టి నవ్వమంటారు, ఆ పిచ్చిది నవ్వుతుంది, ఎల్లుండి ఈ కుర్చీ కూడా ఉండదు. టీకొట్టు గోడ మీద ఈసారి ఆవిడ బొమ్మ ఎక్కుతుంది.

తాళం వేసి, గేటు ముందే గొంతుక్కూర్చుని, చెవి మీద ఒక పంటిని ఇంకొక్క రాపిడి రాశాడు. కంటికి కనిపించేంత తేడా కూడా కాదు. ఇప్పుడది తాళంలోకి సాఫీగా దూరుతుంది, తిరగదు. యాభై ఏళ్ళ పనితనంలో ఆయన చేతిమీదుగా తిరగని చెవి బయటికి వెళ్ళడం అదే మొదటిసారి. అయినా మనసు మాత్రం గెలిచినవాడిలా ఉంది.

మర్నాడు పొద్దున్నే వీధంతా గేటు ముందు పోగైంది. మేడమ్ వచ్చింది, చెవి దోపింది, తిప్పింది. తిరగలేదు. ఇంకోసారి తిప్పింది. కెమెరాలు తాళాన్ని వదిలి ఆవిడ మొహం మీదికి మళ్ళాయి. చెవిముక్కల మనిషి పరుగెత్తుకొచ్చి తిప్పబోతే వేలు ఎర్రబడింది తప్ప లాభం లేకపోయింది.

"మామయ్యా, మీరు చూడండి" అన్నారెవరో.

ఆయన ముందుకొచ్చి, వంగి, తాళాన్ని అటూ ఇటూ ఊపి, దానికి చెవి ఆనించి విన్నట్టు నటించి, పెదవి విరిచాడు. "లోపల తుప్పు. రాత్రి మంచుకు పట్టేసింది" అన్నాడు. మామయ్య తుప్పన్నాక ఇక తుప్పే. టీకొట్టువాడు కూడా "అయ్యో" అన్నాడు.

ఎవరో సుత్తి తెచ్చారు. మేడమ్ వద్దంది. "పగలగొట్టి చొరబడ్డానని రేపు అవతలివాళ్ళు ఊరంతా చెప్తారు" అంది. ఆ గడబిడలో కారులోంచి ఒక ముసలావిడ దిగింది. చేతిలో తోలు ఊడిన పాత సంచి. నిలబడి నిలబడి అరుగు మీద కూలబడ్డ మామయ్య భార్యను చూసి, తిన్నగా వెళ్ళి ఆమె ముందు నేల మీదే కూర్చుంది. కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు కట్టింది. ఆవిడ వెనకాల వ్యానులో అట్టపెట్టెలు పైదాకా పేర్చి ఉన్నాయి.

మామయ్య చూశాడు. తన భుజాన ఉన్న సంచిలో మేకుల్లాంటి పనిముట్లున్నాయి, తలుచుకుంటే ఆ తాళం తీయడం చిటికెలో పని. కాలు కడుగుతున్న చేతుల్ని చూస్తుంటే ఒక్క క్షణం ఆయన చెయ్యి సంచి మీదికి పోయింది కూడా. అంతలో కెమెరావాడు పరుగున వచ్చి ఆ కట్టు కట్టడం తీయసాగాడు. అదిగో, ఇదీ నాటకంలో భాగమే అనుకుని మామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అట్టపెట్టెలు ఖాళీవి కావని ఎవరు చూశారు?

రైలు పట్టాల అవతలి పేటలో కూడా జనం ఎదురుచూస్తున్నారని, అక్కడ సంఘంవాళ్ళు తమ గది ఇస్తామన్నారని చెవిముక్కల మనిషి తొందరపెట్టాడు. మేడమ్ అందరికీ దణ్ణం పెట్టి కారెక్కింది. వ్యాను వెనకాలే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అవతలి పేట గదిలో డాక్టరమ్మ కూర్చుందని కబురొచ్చింది. "ఓట్లయ్యేదాకా చూడండి" అన్నాడు మామయ్య. ఓట్లయ్యాయి. "లెక్కింపయ్యేదాకా చూడండి" అన్నాడు. లెక్కింపూ అయింది. మేడమ్ చిత్తుగా ఓడిపోయింది. ఆ మర్నాడు మామయ్య చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా పట్టాలు దాటి చూసొచ్చాడు. గది తెరిచే ఉంది. డాక్టరమ్మ ఒక పసిపిల్ల వీపు మీద గొట్టం పెట్టి వింటోంది. గోడవార అరల నిండా సీసాలున్నాయి, దూది ఉంది. ఒక్క కెమెరా లేదు. ఆయన కొట్టుకొచ్చి ఆ రోజు ఒక్క తాళం కూడా ముట్టుకోలేదు.

తర్వాత భార్యను అక్కడికే తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. బస్సుల బెడద తప్పింది గానీ, పట్టాల మీది వంతెన మెట్లు మాత్రం ఎక్కాలి. మధ్యలో వదిలేసిన కట్ల వల్ల అప్పటికే చిటికెన వేలు నల్లబడింది. దాన్ని తీసెయ్యక తప్పదని డాక్టరమ్మ పాదం పట్టుకుని చూస్తూ చెప్పింది.

"మీ వీధిలోనే కూర్చోవాల్సింది నేను. అప్పుడే మొదలుపెట్టి ఉంటే ఈ వేలు దక్కేది. ఇప్పుడిక్కడ ఇంతమంది అలవాటయ్యారు, వదిలి రాలేను. ఆ తాళం రాకపోయె."

"ఆయనేం చేస్తారండీ, పాపం. తుప్పు పట్టింది" అంది భార్య. "అప్పట్నుంచీ ఆయనకు నిద్ర పట్టట్లేదు. తన చేతిలో అలా అయిందని."

మామయ్య గోడ వైపు తిరిగాడు.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మెట్ల సగంలో ఆవిడ ఆయాసంతో ఆగింది. కింద రైలు పోతోంది. అది పోయేదాకా ఆగి, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, ఆ తాళం..."

"ఇంకా దాని గురించేనా? మీ తప్పేం లేదని డాక్టరమ్మతో కూడా చెప్పాగా" అంది ఆవిడ.

ఆయన ఎదురుచూశాడు. ఆ తాళానికేమైంది, ముందురోజు తిరిగింది రాత్రికి రాత్రే ఎలా పట్టేసింది అని ఒక్క మాట అడుగుతుందేమోనని చూశాడు. ఆవిడ స్థానంలో తనుంటే పది ప్రశ్నలు వేసేవాడు. ఆవిడ ఒక్కటి కూడా వెయ్యలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, తన బరువంతా ఆయన మీదే మోపి, కట్టు కట్టిన కాలు పై మెట్టు మీద పెట్టింది.