నాలుగు గాట్ల కడియం

ముందు షట్టర్ల చప్పుడు. వీధి ఈ కొసన ఒకటి కరకరమంటూ లేచింది. దాని పక్కది దగ్గుకుంటూ లేచింది. ఎదురువరుసలోది, నూనె మొహం ఎరగనిది, పళ్ళు కొరుకుతూ లేచింది. ఇనుము ఒళ్ళు విరుచుకునే ఆ చప్పుడు ఒక్కో కొట్టూ దాటుకుంటూ తాళాల కొట్టు దాకా వచ్చి, జానెడు లేచి, టక్కున ఆగిపోయింది.

"ఆగన్నా! ఆగాగు! ఇంకా రెండు నిమిషాలు!"

కొట్టు వెడల్పాటిది. ఆ చివర వంగిన తాళాలాయన, ఈ చివర గచ్చు మీద మోకాళ్ళేసి కూర్చున్న ఆడమనిషిని చూసుకోలేదు. ఆమె గులాబీరంగు ముద్దనొకదాన్ని రెండు అరచేతులతో షట్టరు మడతలకి అదిమి పట్టుకునుంది.

"తల్లీ, తాళాలు అమ్ముకునేవాణ్ణి. నా కొట్టు నేనే తెరుచుకోలేకపోతే ఊరు నవ్విపోతుంది."

"నవ్వితే నవ్వనీ. రేపు నీ షట్టరుని చెవులకి పెట్టుకుని తిరుగుతారు జనం."

"దుమ్ముతో సహానా?"

"దుమ్ము ఊరికే ఇస్తాంలే."

ఆ వీధిలో ఆమెను తుప్పక్క అంటారు. ఎదురుగానే అంటారు. తళతళ తప్ప వేరే లోకం తెలియని నగల కొట్ల మధ్య, వెండితో షట్టర్లూ, మురుగుకాలవ జాలీలూ, బస్సులో పట్టుకు వేలాడే రింగులూ చేసి అమ్మే మనిషికి అంతకంటే మంచి పేరు వాళ్ళకి తట్టలేదు. ఆమె ఆ పేరునే బోర్డు మీద రాయించుకుంది. దాంతో వెక్కిరింతలో పస పోయి, పేరొక్కటే మిగిలింది.

ఆమెకు నలభై మూడేళ్ళు. అందులో పదహారేళ్ళు రోడ్ల ఆఫీసులో డ్రాయింగులు గీసింది. కాలిబాట అంచులు, కాలవ మూతలు, రోడ్డు దాటే ఇనుప వంతెనల మెట్లు. కంప్యూటర్లొచ్చాక ఆమె బల్ల తీసేశారు, బల్లతోపాటు ఆమెనీ. చివరిరోజు సాయంత్రం, తాను గీసిన వంతెన మెట్ల మీదే కాసేపు కూర్చుంది. లేస్తూ అరచెయ్యి ఆనించింది. కాలు జారకుండా రేకు మీద ఉబ్బెత్తుగా పోసిన గింజల వరస అరచేతిలో అచ్చుపడింది. ఊరు తన చెయ్యి పట్టుకుని ఏదో చూసి వదిలేసినట్టు అనిపించింది ఆమెకి. అది చెరిగేలోపే, నగలకి మెరుగు పెట్టే బాబాయి దగ్గరికి పరుగెత్తి చెయ్యి చాపింది.

"దీన్ని వెండిలో చెయ్యగలవా బాబాయ్?"

ఆయన చూసి, "ఎక్కడ పడ్డావే? చన్నీళ్ళలో పెట్టు," అన్నాడు.

అలా మొదలైంది వ్యాపారం.

ఒకటే గది, రెండో అంతస్తులో, దర్జీ కొట్టు పైన. కింద కుట్టుమిషను ఆడితే పైన బల్ల మీది సన్నటి వెండితీగలు వణుకుతాయి. కిటికీలోంచి నాలుగు రోడ్ల కూడలి కనిపిస్తుంది. ఎర్రదీపం పడ్డప్పుడల్లా గదిలోకి ఒక నిశ్శబ్దం వస్తుంది, పచ్చదీపంతో వెళ్ళిపోతుంది. ఒక మూల ఆమె బల్ల. రెండో మూల, నేల మీద, బాబాయి పీట. ముందు పొట్టి బల్ల, రాలిన పొడి పోకుండా ఒళ్ళో తోలుగుడ్డ, చిన్న నుంచి పెద్ద దాకా వరసగా పేర్చిన, అరగదీసే ఇనుప ఆకురాళ్ళు, నగని కదలకుండా పట్టుకోవడానికి లక్క ముద్ద.

వాళ్ళ పనికి ఒక పద్ధతుంది. కట్టుడు పళ్ళకి కొలత తీయడానికి పళ్ళ డాక్టర్లు వాడే గులాబీరంగు ముద్దని నీళ్ళలో కలిపి, ఊళ్ళో ఆమెకి నచ్చిన చోట అదుముతుంది. మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ గుంటలో మైనం పోస్తే ఆ చోటు మైనంలోకి వస్తుంది. సాయంత్రానికి ముద్ద ఎండి ముడుచుకుపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. మైనం చుట్టూ సుద్దలాంటి పిండి పోసి కొలిమిలో పెడితే మైనమూ కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి వెండి దిగుతుంది. అంటే, నగ పుట్టేసరికి దాని తల్లీ అమ్మమ్మా ఇద్దరూ ఉండరు. అందుకే ఆమె ఎప్పుడూ రెండు మైనాలు పోసి ఒకటి దాచుకుంటుంది. నగతోపాటు డబ్బాలో చిన్న చీటీ పెడుతుంది: "ఇందులో ఒక్క గీతా నేను గీసింది కాదు, ఊరు గీసింది."

బాబాయికి ఆ చీటీ నచ్చదు. నలభై అయిదేళ్ళుగా ఆయన వెండిబంగారాల మీద గీతలు లేకుండా చెయ్యడమే పనిగా బతికాడు. ఆయన మెరుగు పెట్టిన వస్తువు మీద చీమ నడిస్తే జారాలి. "గరుకు ఉంచెయ్యమంటావు. వండి వడ్డించి, తినొద్దన్నట్టుంది నీ వరస," అంటాడు.

రెండేళ్ళుగా వీధిలో మిగతా కొట్లవాళ్ళెవరూ ఆయనకి పని ఇవ్వడంలేదు. ఒకాయన పని తగ్గిందన్నాడు, ఇంకొకాయన బావమరిదిని పెట్టుకున్నానన్నాడు. అసలు కారణం అందరికీ తెలుసు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. వస్తువుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గదిలో వెలుతురు చాలడంలేదంటాడు. ఆమె మూడుసార్లు బల్బు మార్చింది. ఇప్పుడు ఆయన చేతికొచ్చే పనల్లా అన్నకూతురు ఇచ్చేదే. అదీ ఆగితే ఆకురాళ్ళకి తుప్పు పడుతుంది, ఆయనకీ పడుతుంది.

ఆ సమయంలో వచ్చింది టీచరమ్మ.

ఆవిడ తల్లి ముప్పై ఏళ్ళు ఒక పాత మేడలో, నాలుగో అంతస్తులో ఉంది. చూపు తగ్గుతున్న రోజుల్లో, మెట్ల పక్క చెక్క రెయిలింగు మీద తన అంతస్తు దగ్గర కూరగాయల కత్తితో నాలుగు గాట్లు పెట్టుకుంది. చెయ్యి పాకించుకుంటూ ఎక్కి, నాలుగు గాట్లు వేళ్ళకి తగిలితే అది తన ఇల్లు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. ఆ మేడని పడగొడుతున్నారు.

"ఆ గాట్లున్న చోటు కడియంగా కావాలి. మా అమ్మ తడిమితే తెలియాలి," అంది టీచరమ్మ.

తుప్పక్క వెళ్ళేసరికి పైఅంతస్తుకి తలుపులు కూడా పీకేశారు. కాపలా మనిషి అయిదు నిమిషాలే ఇచ్చాడు. అచ్చు బాగానే వచ్చింది. అరచేతులు అరగదీసిన పల్లం, దాని మధ్య నాలుగు గాట్లు, మూడోది కొంచెం వంకర. కానీ మొదటి మైనం తీస్తుండగా ముద్ద నిలువునా చిరిగింది. ఆమె తిరిగి వెళితే అక్కడ మెట్లు లేవు, ఆకాశం ఉంది.

ఒక్క మైనం. దాన్నే కడియంగా వంచి, వెండి పోతపోసి, బాబాయి చేతిలో పెట్టింది. ముట్టుకోకూడని చోటేదో కాగితం మీద గీసి కూడా ఇచ్చింది, ఆఫీసు అలవాటు కొద్దీ అన్నిటికంటే గట్టి పెన్సిలుతో, వెంట్రుకంత సన్నగా.

మూడోరోజు ఆయన కడియాన్ని మెత్తటి గుడ్డలో పెట్టి ఆమె ముందుంచాడు. మొహం వెలిగిపోతోంది.

"పోతలో గుంటలు పడ్డాయమ్మాయ్. నాలుగు, వరసగా. గోరు తగులుతూనే ఉంది, నేనూ వదల్లేదు. చూడు ఇప్పుడు!"

ఆమె చూసింది. పల్లం అలాగే ఉంది. గాట్లు లేవు. అక్కడ కిటికీ, కూడలి, ఎర్రదీపం ఎంతో స్పష్టంగా ప్రతిఫలిస్తున్నాయి.

"అవి గాట్లు బాబాయ్," అంది చివరికి. "అవే కావాల్సింది."

ఆయన కడియాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గోరు పెట్టి చూశాడు.

"నువ్వు చెప్పలేదుగా?"

"కాగితం మీద గీశాను."

"ఆ కాగితం మీద ఏముంది? ఖాళీ కాగితం ఇచ్చావనుకున్నా." అని, అన్నమాట తనకే వినిపించినట్టు ఆగాడు. వెంటనే ఆకురాయి అందుకున్నాడు. "ఇటివ్వు. నాలుగు గాట్లే కదా, క్షణంలో కోసిస్తా. ఎవరికి తెలుస్తుంది?"

"వేళ్ళకి తెలుస్తుంది."

"అయితే నువ్వు కొయ్యి. నీకు కొలతలు తెలుసుగా."

కొలతలు తెలుసు. మూడో గాటు వంకర కూడా ఆమె కళ్ళలో ఉంది. కానీ డబ్బాలో పెట్టే చీటీ మీద ఉన్నది ఆమె ఇచ్చిన మాట. అంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటుంది. ఈ పీట మీద ఈ మనిషిని రేపు కూడా కూర్చోబెట్టగలదా? వద్దనడం తేలిక. పని తగ్గిందనో, ఇంకెవరినో పెట్టుకున్నాననో చెబితే సరిపోతుంది. ఆ మాటలు వీధిలో తయారుగానే ఉన్నాయి.

"టీచరమ్మకి నేనే చెప్పొస్తా," అంది.

"నేనూ వస్తా."

"నువ్వెందుకు బాబాయ్, ఎండ."

"ఎండ నాకేం కొత్తా? పద," అని ఆకురాళ్ళ సంచి భుజాన వేసుకున్నాడు.

బస్టాపులో నిలబడ్డారు. చాలా దూరం నుంచే పెద్ద పెద్ద అంకెలతో బస్సు వస్తోంది. వాళ్ళ ముందుకొచ్చి ఆగింది. ఆయన ఆ అంకెల వైపే చూస్తూ, మామూలుగా, "ఇది మనదేనా?" అని అడిగాడు.

"మనదే," అంది ఆమె. ఎక్కారు.

టీచరమ్మ ఇల్లు కింది వాటా. ముసలావిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది. కడియం చేతిలో పెట్టగానే ఆవిడ వేళ్ళు పల్లంలోకి దిగాయి, ఒకసారి అటూ ఇటూ పాకాయి.

"మా మెట్లే," అంది. మళ్ళీ పాకించింది. "గాట్లేవి?"

టీచరమ్మ కడియం లాక్కుని చూసింది. "ఏంటండీ ఇది? గాట్ల కోసం కాకపోతే మేం మీ దగ్గరికి ఎందుకొస్తాం? ఇంకో అచ్చు ఉందా?"

"లేదు. ఒక్కటే వచ్చింది. పొరపాటు నాదే. నేను సరిగ్గా..."

"అదేం చెయ్యలేదు," అన్నాడు బాబాయి గుమ్మం దగ్గరినుంచి. "అరగదీసింది నేను. తప్పులనుకున్నాను. గోరుకి తగిలితే నా చెయ్యి ఊరుకోదమ్మా, అలవాటు."

ముసలావిడ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"మీకు పెళ్ళయిందా?"

"ఆ... అయింది."

"మీ ఆవిడ జాలిగుండె మనిషయ్యుంటుంది. మా ఆయనా ఇదే బాపతు. ఓ ఏడాది రంగులు వేయిస్తూ నా గాట్లలో లప్పం పెట్టించేశాడు, అందంగా ఉంటుందని. ఆ రోజు నేను అయిదో అంతస్తు దాకా ఎక్కిపోయి, పరాయివాళ్ళింట్లో దూరి, చెప్పులు కూడా విప్పాను."

"తర్వాతేం చేశారు?"

"ఏం చేస్తాను, మళ్ళీ కోసుకున్నా. కోసుకోవడం నాకు రాదా? సంచిలో ఏముంది, చప్పుడవుతోంది? ఆకురాయా? ఇటివ్వండి."

"అమ్మా, చెయ్యి కోసుకుంటావు," అంది టీచరమ్మ.

"నువ్వు పుట్టకముందు నుంచీ కత్తి పట్టుకుంటున్నా. నువ్వూరుకో."

బాబాయి నేల మీద చతికిలబడ్డాడు. సంచిలోంచి మూడంచుల ఆకురాయి తీసి ఆవిడ వేళ్ళ మధ్య పెట్టాడు. కడియాన్ని తన రెండు బొటనవేళ్ళతో కుర్చీ చేతికి అదిమి పట్టాడు. వెండి మీద ఆకురాయి కీచుమంది. ఒకరు చూడకుండా కోస్తున్నారు, ఇంకొకరు చూడకుండా పట్టుకున్నారు. ఆకురాయి ఎప్పుడు పక్కకి జారబోయినా ఆయన బొటనవేలు ముందే కదులుతోంది. తుప్పక్క గోడకి ఆనుకుని ఆ వేళ్ళనే చూసింది. వాటిలో వణుకు ఎక్కడా లేదు.

నాలుగు గాట్లూ పూర్తయ్యాయి. ఆవిడ తడిమి చూసుకుంది. ఆయనా గోరు పెట్టి చూశాడు.

"రెండోది లోతు చాల్లేదు. అంచు కూడా లేచింది. ఒక్కసారి అలా..."

"చెయ్యి వేశారంటే చూడండి!" అంది ముసలావిడ, కడియాన్ని గుండెలకి హత్తుకుని.

టీచరమ్మకి కోపం పూర్తిగా పోలేదు. కడియం ఆవిడ తల్లి చేతినుంచి మళ్ళీ తీయించుకోలేకపోయింది కాబట్టి ఆ విషయం అక్కడితో ముగిసింది. డబ్బాలోంచి చీటీ మాత్రం తుప్పక్క తీసేసుకుంది.

మర్నాడు బాబాయి మామూలు వేళకే వచ్చాడు, కానీ పీట మీద కూర్చోలేదు. ఆకురాళ్ళని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఇంకో వస్తువు పాడుచేసేదాకా ఉండమంటావా?"

ఆమె లేచింది. పోతపోసి ఉంచిన తాళాల కొట్టు షట్టరుని తెచ్చింది. చెవిదిద్దులు, ఇంకా నల్లగా ఉన్నాయి. దీపం మీద లక్క కరిగించి, ఉంచాల్సిన మడతలన్నిటి మీదా దళసరిగా పూసింది. ఆరాక తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"లక్క తగిలిన చోట నీ హద్దు. మిగతాదంతా నీ ఇష్టం. చీమ జారాలి."

ఆయన బొటనవేలితో తడిమాడు. లక్క అంచు దాకా వెళ్ళి ఆగాడు. ఇంకోసారి వెళ్ళి ఇంకోసారి ఆగాడు.

"ఎంత పూశావే, గోడ కట్టినట్టు," అని విసుక్కుని, గుడ్డ విప్పి, సన్న ఆకురాయి ఏరుకున్నాడు.

అప్పటినుంచీ ఆ గదిలో పని అలాగే సాగుతోంది. ఆమె పెన్సిలు మానేసింది. ఏం చెప్పాలన్నా లక్కతోనే చెబుతుంది. వారానికోసారి ఇద్దరూ పోట్లాడుకుంటారు, లక్క ఎక్కువైందని ఆయన, హద్దు దాటావని ఆమె.

ఈ సంగతులన్నీ అచ్చులోకి వస్తే పెద్దాయన చూసి నొచ్చుకోరా అని, పేపరుకి ఇది రాస్తున్న నేను అడిగితే, ఆమె మైనం పోస్తున్న గిన్నె మీదనుంచి తల ఎత్తలేదు. ఆయన మూల పీట మీద దగ్గుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"రాసుకోండి, పర్లేదు. బాబాయి పేపరు చదవడం మానేసి చాన్నాళ్ళయింది. ఈమధ్య అక్షరాలు మరీ చిన్నవేస్తున్నారని వాళ్ళమీద కోపం."