నైతిక శిక్షణలో నాకిచ్చిన వేషం

ప్రసూతి సెలవు ముగించి సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లేసరికి నా ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో ఉంది. నన్ను బెంచి మీద పెట్టారు. బెంచి అంటే జీతం వస్తుంది, పని ఉండదు. అలాగే కొన్నాళ్లు గడిస్తే రాజీనామా అడుగుతారు. పాపను కొండాపూర్‌లో క్రెష్‌లో దించి వచ్చి, పాలతో తడిసిన కుర్తా మీద చున్నీ సర్దుకుంటూ సాయంత్రం దాకా ఖాళీగా కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకు నైతిక విలువల శిక్షణ పెట్టారు. అన్యాయం జరిగిన ఉద్యోగినిగా నటించడానికి ఒక మనిషి కావాలట. హెచ్‌ఆర్ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"జర వచ్చి కూసో అక్కా, ఊకెనే ఉన్నవు గదా. టిఫిన్ గూడ పెడ్తరు."

వెళ్తే నాకెదురుగా అధికారి వేషంలో మా డైరెక్టరే ఉన్నారు. నా ప్రాజెక్టు తీసేసింది ఆయనే. నాకు రాసిచ్చిన కాగితంలో ఇంకేదో కథ ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టి, నా సంగతే చెప్పాను. సెలవు, బెంచి, భయం, అన్నీ. ఆయన ఫోను బోర్లా పెట్టి, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నారు.

"తప్పు మీది కాదమ్మా. సెలవు మీ హక్కు. మీ పని మీకు తిరిగి ఇప్పించడం నా బాధ్యత."

అందరూ చప్పట్లు కొట్టారు. శిక్షకుడు ఆయన జవాబును మిగతావాళ్లకు ఆదర్శంగా చూపించాడు. నా కళ్లనీళ్లు చూసి బాగా నటించానన్నారు. నేను మాత్రం డైరెక్టరు ఇచ్చిన మాట నమ్మాను. ఇంటికి వెళ్లి మా ఆయనకూ చెప్పాను.

మర్నాడు డైరెక్టరు క్యాబిన్‌కు వెళ్లాను. నా నటనను మెచ్చుకుని కూర్చోమన్నారు. ప్రాజెక్టు ఎప్పుడిస్తారని అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయారు.

"అది ట్రైనింగ్ కదండీ. అక్కడ అలాగే చెప్పాలి మరి."

నేను చెప్పింది నా సొంత విషయమేనన్నాను. ఆయన, అంతా క్లయింటు ఇష్టమని, తన చేతిలో ఏమీ లేదని మెల్లగా చెప్పారు. పాప ఎలా ఉందని కూడా అడిగారు.

ఏది న్యాయమో ఆయనకు తెలియకపోతే, ఎప్పటికైనా ఎవరో చెబుతారన్న ఆశ ఉండేది. ఆయనకు అంతా తెలుసు. మాటలతో సహా తెలుసు. రాజీనామా అడిగే రోజున కూడా ఇంత మర్యాదగానే అడుగుతారు. నేను తలూపి, సంతకం పెట్టి వచ్చేస్తాను.