తుపాకికి తలంటు

మనవరాలి తడిజుట్టుకు సాంబ్రాణి పొగ వేస్తావుంటే నాయన తుపాకి గుర్తొచ్చింది.

అవి యుద్ధం రోజులు, నేను చిన్నపిల్లను. చెనక్కాయల చేలో పడే అడివిపందుల్ని బెదిరించే నాటు తుపాకి అది. కాల్చినాక గొట్టం లోపల పట్టిన మసి కిరసనాయిలుకు వదలదని, నాయన మరిగే నీళ్లు పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి తోమి, ఆముదం పూసేవాడు.

నీళ్లూ ఆముదమూ చూసి నేను అది తలంటు అనుకున్నాను. ఒకరోజు సాంబ్రాణి నిప్పులు తెచ్చి, "పొగ పట్టకపోతే దీనికి జలుబు చేస్తాది నాయనా" అన్నాను.

నాయన నవ్వలేదు. తుపాకిమందు దూరంగా పెట్టొచ్చి, "పట్టు మే, బాగా పట్టు" అని గొట్టం వంచినాడు. ఆనాటినుంచి నేను పొగ పట్టందే ఆముదం పూసేవాడు కాదు.

మరిగే నీళ్లకు కాలిన ఇనుము తడి ఏ పొగా లేకుండా తనంతట తానే ఆరిపోతాదని నాకు పెద్దయినాక తెలిసింది. నాయనకు అప్పుడే తెలుసు.