ఎడమచేతి వెంట్రుకలు

సానబాబాయి మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్లి చర్మవ్యాధి మందు తెచ్చుకున్నాడు. ఆయన మోకాలు చూపించేలోపే డాక్టరు ఎడమచెయ్యి చూశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. కుడిచేతికేమో దట్టంగా ఉన్నాయి.

"ఎన్నాళ్లబట్టి?" అన్నాడు డాక్టరు.

"ముప్ఫై ఒక్క ఏళ్లబట్టి" అన్నాడు ఆయన, ఉన్నమాట.

డాక్టరు పాపం నొచ్చుకుని పెద్ద ట్యూబే రాసిచ్చాడు. అంత శ్రద్ధగా రాస్తున్న మనిషికి అడ్డుపడటం ఏం బాగుంటుందని ఈయన ఊరుకున్నాడు. కొన్నాం కదా అని పదిరోజులు పూసుకున్నాడు కూడా. మోకాలు ఎప్పట్లాగే ఉంది.

ఆయన కొయ్యసామాన్ల కార్ఖానాలో చిత్రిక మిషనుకు బ్లేళ్లు నూరేవాడు. చెక్కను నున్నగా చేసే ఆ మిషనులో గిర్రున తిరిగే ఇనపదిమ్మకు మూరెడేసి బ్లేళ్లు మూడుంటాయి. సానరాయి మీద నూరిన బ్లేడు పదునెక్కిందో లేదో ఎడమచేతి మీద గీసి చూసేవాడు. వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాయా, సరే. చురుక్కుమందా, మళ్లీ రాయి మీదికే.

నూరడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. మూడు బ్లేళ్లూ సమానంగా నిలవాలి. మిషను బల్ల మీద తిన్నని చెక్కపుల్ల పెట్టి దిమ్మను చేత్తో మెల్లగా తిప్పేవాడు. బ్లేడు ఆ పుల్లను తాకి, బియ్యపుగింజంత దూరం లాక్కుపోవాలి. తక్కువ లాగితే "దీనికి బద్ధకం", ఎక్కువ లాగితే "దీనికి పొగరు" అనేవాడు.

"ఆ ఇనపముక్కల మీదున్న శ్రద్ధ నా మీదుంటేనా!" అనేది భార్య.

"నువ్వు సమంగానే ఉన్నావులేవే" అనేవాడు.

అలాంటివాడి నెత్తిన యజమానిగారి అల్లుడు కొత్తరకం బ్లేళ్లు తెచ్చిపెట్టాడు. రెండువైపులా అంచే. అరిగితే తిప్పడం, మళ్లీ అరిగితే పారెయ్యడం. నూరే పనే లేదు.

"ఇంక మీకు విశ్రాంతి బాబాయ్!" అన్నాడు వరమిస్తున్నట్టు.

విశ్రాంతంటే చిత్రిక పొట్టును సంచుల్లో కూరి మూతులు కట్టడం.

"సానగది మాత్రం ఉంచండి బాబూ. ఎప్పుడో అవసరం పడుతుంది."

"దేనికి బాబాయ్, గడ్డం గీసుకోవడానికా?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. తనూ నవ్వినందుకే తర్వాత చాలా రాత్రులు నిద్రపట్టలేదు. వారం తిరక్కుండా సానగదిలో అట్టపెట్టెలు పేర్చారు. గదిలో చోటు చాలక ఆయన కుర్చీలో కూడా రెండు పెట్టారు.

రెండు నెలలకి ఎడమచేతి మీద వెంట్రుకలు మొలిచాయి. పక్కింటావిడ చూసి, "అన్నయ్యగారూ, ఆ మందేదో బాగా పనిచేసిందే! మా ఆయన నడినెత్తికి పనికొస్తుందంటారా?" అంది. ఆయన మిగిలిన ట్యూబు తెచ్చి ఇచ్చాడు. భార్య నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఇంతలో కార్ఖానాలో ఎవరో పాతచెక్కను మేకు పీక్కుండానే మిషనులోకి తోశారు. మూడు బ్లేళ్ల అంచులూ ఒకేచోట పెచ్చులూడాయి. వచ్చిన ప్రతి చెక్క మీదా దారమంత గీత. అల్లుడు బ్లేళ్లు తిప్పించాడు. మర్నాడు ఇంకో మేకు తగిలి ఆ రెండో అంచులూ పోయాయి. కొత్త బ్లేళ్లు దారిలో ఉన్నాయన్నారు, ఆ దారి తెగలేదు. పెద్ద ఆర్డరు బల్లలు ఆగిపోయాయి. నలుగురు కూర్చుని గీతల్ని చేత్తో రుద్దుతున్నారు.

సానబాబాయికి జబ్బేమిటో, మందేమిటో మొదటి మేకు నాడే తెలిసింది. పొట్టుచుట్టలన్నీ నడుమ చీలి వస్తున్నాయి. ఎనిమిది రోజులపాటు ఆ చీలిన చుట్టల్ని సంచుల్లోకి కూరుతూనే ఉన్నాడు.

చివరికి యజమాని స్వయంగా పిలిపించాడు. సానబాబాయి ఒక్క బ్లేడు వదులుచేసి, రెండు దారాలంత పక్కకి జరిపి, పుల్లతో చూసి బిగించాడు. రెండు బ్లేళ్లు వదిలేసిన గీతను జరిపిన బ్లేడు కోసేసింది. చెక్క అద్దంలా వచ్చింది. ఆయన పుల్ల అక్కడే పెట్టి, సంచులు కట్టే పురికొస తీసుకుని వెనక్కి తిరిగాడు.

అల్లుడికి ఒళ్లు మండింది. "ఇంతేనా! పక్కనే ఉండి, ఎనిమిది రోజులు తమాషా చూస్తూ, ఒక్క మాట చెప్పలేదేం బాబాయ్?"

"చెప్పేవాడి కుర్చీలో అట్టపెట్టెలు కూర్చున్నాయి కదా బాబూ, వాటినడగాల్సింది."