వ్యానులో నీళ్ళ లెక్క

2005 నవంబరులో, తణుకులో ఒక ప్రైవేటు పాఠశాల వదిలించుకుంటున్న పాత వ్యానును కొన్నాను. లోపలి పొడవు పది అడుగుల నాలుగంగుళాలు, వెడల్పు ఐదడుగులు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నా ఎత్తు ఐదడుగుల ఎనిమిది. ఈ ఏడంగుళాల తేడాను తర్వాతి నాలుగేళ్ళూ నా నడుమే మోసింది.

నాది తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. కొలిచినదాన్ని తేదీ వేసి రాసుకోవడం ఆఫీసులో మొదలై ఇంటిదాకా వచ్చిన అలవాటు. కనుక ఇక్కడ రాసే అంకెలు జ్ఞాపకం మీద ఆధారపడినవి కావు, పుస్తకంలో ఉన్నవి.

వ్యాను కొన్నది విహారానికి కాదు. అంతకు ముందు సంవత్సరం నా భార్యకు మూత్రపిండంలో రాయి ఉందని తేలింది. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగి తీరాలని ఏలూరు డాక్టరు చెప్పారు. ఇంట్లో ఉన్నప్పుడు తాగేది. ప్రయాణమంటే మాత్రం ముందురోజు సాయంత్రం నుంచే మానేసేది. మా దారుల్లో ఆడవాళ్ళు నిశ్చింతగా దిగగలిగిన చోటు లేదు. బస్టాండులో ఉన్నదాని గురించి రాయకపోవడమే మర్యాద. ఆకివీడులో ఉన్న తన చెల్లెలి ఇంటికి అలా రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ నొప్పి తిరగబెట్టింది. రెండోసారి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ తర్వాత ఇల్లు కదలనంది. చెల్లెలి కూతురి ఓణీల వేడుకకు కూడా వెళ్ళలేదు. ఆ రోజంతా పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. తీసినవాటికే మళ్ళీ తీసింది.

ఆమె వెళ్ళే దారిలో మరుగుదొడ్డి లేకపోతే, మరుగుదొడ్డినే ఆమె వెంట తీసుకుపోవాలని నిశ్చయించుకున్నాను.

తాడేపల్లిగూడెంలో లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే సాయిబుగారి షెడ్డులో పని జరిగింది. గళ్ళ కాగితం మీద నేను గీసిన పటాన్ని ఆయన చాలాసేపు చూశారు.

"ఇన్‌స్పెక్టరు గారూ, పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని రాశారండీ. రైలు గేటు దగ్గర బండి తిప్పితే ఆగ్నేయం ఎటు పోతుందండీ?"

"ఆగినప్పుడల్లా తూర్పుముఖంగా ఆపుకుంటాను."

"అయితే బానెట్టు మీద దిక్సూచి కూడా బిగించేస్తానండీ," అని పక్కనున్న తమ్ముడి వైపు చూసి నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "అమ్మగారిని ఒకసారి తీసుకొచ్చి చూపించండి. వాడేది ఆవిడ కదండీ," అన్నారు.

అన్నీ లెక్క వేశాను, అవసరం లేదన్నాను.

నిజంగానే అన్నీ లెక్క వేశాను. కింద సామాను పెట్టుకునేందుకు అరలతో ఆరడుగుల చెక్క మంచం. రెండు బర్నర్ల పొయ్యి, ఐదు కిలోల సిలిండరు. కిటికీలకు దోమతెర. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. వెనుక మూలలో మూడడుగులకు రెండున్నర అడుగుల గది, అల్యూమినియం తలుపు, లోపల కమోడు, దాని కింద ఇనుప ట్యాంకు. పైన వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, దాని పక్కన మట్టం తెలిసేలా గాజుగొట్టం. దానిమీద లీటరు లీటరుకూ గీత గీశాను. పొయ్యి పైన నా భార్య తన దేవుడి పటం పెట్టుకుంది. అది తప్ప వ్యానులో ఆమె పెట్టినది ఏదీ లేదని నాకు అప్పుడు తట్టలేదు.

2006 ఫిబ్రవరిలో, ఉదయం ఏడింటికి, నిండు ట్యాంకుతో ఆకివీడు బయలుదేరాం. తొందర లేదు. దారిలో ఆగి ఉప్మా చేసింది. కైకలూరు దగ్గర పక్షుల్ని చూసి, నాతో పందెం వేసి లెక్కపెట్టింది. మధ్యాహ్నం చేపల చెరువుల మధ్య ఒక గట్టు మీద బండిని తూర్పుముఖంగా ఆపాను. అన్నం వండింది, తిన్నాం. రెండింటికి నేను పుస్తకం తీశాను.

వంటకు ఆరు లీటర్లు. గిన్నెలకు పదకొండు. కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి ఐదు. నేను తాగినవి రెండు. మొత్తం ఇరవై నాలుగు. గొట్టంలో నీళ్ళు డెబ్బై ఆరు దగ్గర ఉన్నాయి. ఎక్కడా ఒక్క గీత తేడా రాలేదు. తేడా రావలసింది. మరోసారి కూడి చూశాను, అదే వచ్చింది.

"నువ్వు పొద్దుటినుంచి నీళ్ళు తాగలేదు," అన్నాను.

"తాగానండీ."

"గొట్టం డెబ్బై ఆరు చూపిస్తోంది."

"మరి ఆ గొట్టంతోనే కాపురం చేయండి," అంది. కాసేపటికి తనే మెత్తబడింది. "అన్నం వండే చోటికి మూడడుగుల్లో దొడ్డి. ఎదురుగా దేవుడు. ఎలా వెళ్ళమంటారండీ?"

"తలుపుంది కదా."

"రేకు తలుపు. ఇవతల మంచం మీద మీరు. దగ్గినా వినిపిస్తుంది." నా చేతిలోని పుస్తకం లాక్కుని, గడులు గీసిన పేజీ మీద వేలు పెట్టింది. "ఇదేమిటండీ? 'కింది ట్యాంకు, అంగుళాలు.' ఇరవై ఆరేళ్ళ కాపురం తర్వాత నన్ను అంగుళాల్లో రాసుకుంటారా?"

ఆ ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేయాలో తెలియడానికే ఆ గడి గీశాను.

అప్పుడు నేను చేయగలిగినవి చేశాను. ఆ గడిని కొట్టేశాను. పొయ్యినీ సిలిండరునూ విప్పి గట్టు మీద పెట్టాను. పటాన్ని ఆమె తుడిచి, ముందు సీటు మీద తువ్వాలు పరిచి పెట్టుకుంది. తర్వాత నిలబడే రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. నేను మంచం అంచున కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి.

"అలా చూస్తూ కూర్చుంటే ఎలాగండీ? వెళ్ళండి."

"ఎంత దూరం?"

"నేను హారను కొడతాను. అప్పుడు రండి."

గట్టు వెంట నడిచాను. అనుమతి లేని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేస్తుందన్న మాట ఆ రోజుల్లో ఊరూరా వినిపిస్తోంది. కాపలా మనిషి పాక లోంచి బయటికొచ్చి నా అడుగుల్నే గమనించాడు.

"కొలతకొచ్చారాండీ?"

"కాదండీ. ఊరికే నడుస్తున్నాను."

"గట్టు మీద ఊరికే ఎవరు నడుస్తారండీ? ఏ ఆఫీసండీ తమరిది?"

చెబితే ఇంకా చిక్కు. "బండి ఆగిందండీ," అన్నాను.

"పాడైందాండీ?"

"లేదండీ."

అతను నన్ను నమ్మలేదు. నమ్మేలా నేనేమీ చెప్పనూ లేదు. ఇద్దరం చెరువు వైపు చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి హారను మోగింది, అవసరమైనదానికన్నా పొడుగ్గా.

ఆ తర్వాత మా ప్రయాణాలన్నీ అలాగే సాగాయి. రెండు గంటలకొకసారి బండి ఆపాలి, పొయ్యి దించాలి, పటం ముందుకు మార్చాలి, నేను నడవాలి, తిరిగొచ్చి పొయ్యి ఎక్కించాలి. ఆకివీడు దారి ఒక పూట ప్రయాణమైంది. సిలిండరు మోసి మోసి కుడి భుజం పట్టేసింది. కింది ట్యాంకును కడగడానికి మరొకరు ఒప్పుకోరు గనుక అదీ నేనే కడిగాను. మరుసటి వేసవిలో తీసిన స్కానింగులో కొత్త రాళ్ళు లేవు. పాతది అలాగే ఉంది.

2008 మే నెలలో నల్లజర్ల దాటాక ఒక పామాయిలు తోట పక్కన ఆగాం. దిగి నడిచాను. పావుగంటయినా హారను మోగలేదు. అరగంట దాటింది. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. నొప్పి తిరగబెట్టిందేమోనని మనసు కీడు శంకించింది. మాట తప్పి వెళ్ళకూడదని కాళ్ళు ఆగాయి. నలభై నిమిషాలకు ఇక నిలబడలేక వెళ్ళి, బయటినుంచే పిలిచాను. జవాబు లేదు. తలుపు తీశాను.

మంచం మీద ఒత్తిగిలి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. చిన్న గది తలుపు బార్లా తెరిచే ఉంది. తల దగ్గర నీళ్ళ చెంబు.

"మర్చిపోయానండీ," అంది కళ్ళు తెరవకుండానే. "ఎండలో ఎందుకు నిలబడ్డారు? లోపలికి రండి."

నడుం వంచి లోపలికి వెళ్ళి, మంచం చివర ఆమె వదిలిన అడుగు జాగాలో కూర్చున్నాను.