తాళం లేకుండా పాడిన రేడియో

ఇదొక మహాకావ్యం. ఇందులో ద్రోహం ఉంది, నింద ఉంది, ఒక అమాయకుడు వీధిలో తల దించుకోవడం ఉంది. కొన్నేళ్లుగా ఈ బరువు గుండెల మీద మోస్తున్నాను.

అని మొదలుపెట్టాను గాని, కావ్యం లేదు ఏమీ లేదు. ఇది ఒక కారు బేటరీ సంగతి. మోసిన మాట మాత్రం నిజం.

చోడవరంలో మా మావయ్యది బెల్లం వ్యాపారం. ఆయనకొక పాత కారు, దానికి సన్యాసి అనే డ్రైవరు, ఆ డ్రైవరు మీద బోలెడు అనుమానం. మావయ్య రోజూ పెట్రోలు టాంకులో పుల్ల ముంచి చూసుకునేవాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకునే స్నానం చేసేవాడు. అదీ చాలక, రోజూ సాయంత్రం అత్త చేత కారు చక్రాల చుట్టూ ముగ్గు వేయించేవాడు. రాత్రి బండి కదిలితే ముగ్గు చెదరాలి. లక్ష్మీదేవి కోసం కాక డ్రైవరు కోసం ముగ్గు పడిన ఇల్లు మాదొక్కటే.

నేను రావికమతం నుంచి చదువు పేరుతో వచ్చి వాళ్ళింట్లో తింటున్న మేనల్లుణ్ణి. మావయ్య విశాఖపట్నం నుంచి కారు రేడియో తెస్తే, మెకానిక్కు ఎందుకు, నేను బిగిస్తానన్నాను. బిగించాను. పాడింది. వచ్చినవాళ్ళందరికీ ఆయన నన్ను ఇంజనీరని చెప్పుకున్నాడు. ఆయన అనుమానించని మనిషిని నేనొక్కణ్ణే. ఎంపిక చూడండి.

ఒక్క సంగతి ఆయనకి చెప్పలేదు. రేడియో తీగని తాళం తిప్పితే కరెంటు వచ్చే చోట కాకుండా నేరుగా బేటరీకే కలిపాను. పొరపాటా? కాదు. తాళం ఆయన మొలలో ఉంటుంది. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నాకు పాటలు కావాలి.

కొన్నాళ్లకి బండి పొద్దున్నే స్టార్టవడం మానేసింది. దీపాలు మిణుకుమనేవి. హారను దగ్గేది. సన్యాసి హ్యాండిలు పెట్టి తిప్పుతుంటే వీధంతా నిలబడి చూసేది. బేటరీని చార్జింగుకి పంపితే కొన్నాళ్లు బాగుండేది, మళ్ళీ అదే రోగం. నేను డైనమో చూశాను, లైట్ల తీగలు చూశాను, హారను విప్పాను. నేను పెట్టినదాన్ని తప్ప అన్నిటినీ అనుమానించాను. ఆ విషయంలో అచ్చం మావయ్య మేనల్లుణ్ణే.

ఒక ఉదయం యథాలాపంగా రేడియో మీద చెయ్యి వేశాను. కోడి అప్పుడే లేచిపోయిన గంపలా వెచ్చగా ఉంది. అప్పుడర్థమైంది. పాట వినపడనంత తగ్గించి, ఆపేశాననుకుంటున్నాను. గొంతు తగ్గించే మరని టక్కుమనేదాకా తిప్పితేగాని అది ఆగదు. రాత్రంతా నోరు మూసుకుని బేటరీని తాగుతోంది.

చెప్పేద్దామని కారు దిగాను. ఎదురుగా అప్పటికే విచారణ నడుస్తోంది.

"ఒరే సన్నాసీ, దొంగతాళం పెట్టి రాత్రి బండి ఏ ఊరు తోలేవు? మాడుగుల పెళ్ళివారికి అద్దెకిచ్చేవా?" అంటున్నాడు మావయ్య.

"నానెక్కడికీ తోల్నేదు బాబూ. ముగ్గు సూడండి, సెదిరిందేటి?"

"మళ్ళీ వేసీసుంటావు."

"నానా? ముగ్గా?" సన్యాసి తన చేతులకేసి చూసుకున్నాడు. "అమ్మగారేసిన మెలికలు నాకొస్తాయేటండి?"

"నీ పెళ్ళానికొస్తాయి కదరా."

సన్యాసి నా వైపు తిరిగాడు. "సినబాబూ, కరెంటు పని తెలిసినోరు, మీరైనా సెప్పండి. తీగల్లో ఏటైనా తేడా ఉందేటి?"

"తీగలన్నీ బాగానే ఉన్నాయి," అన్నాను.

ఎందుకన్నాను? రావికమతం చెరకు తోటలోకి తిరిగి పంపేస్తారని భయమా? ఇంజనీరు బిరుదు పోతుందనా? రెండూ నిజమే. కాని ఇన్నాళ్లూ నాకు నేను కూడా చెప్పుకోనిది ఇంకొకటుంది. అంత మీసాలున్న మనిషి గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తున్నట్టు ఊహించుకుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకునే పనిలో ఉండగానే అతని ఉద్యోగం పోయింది.

ఆ మధ్యాహ్నమే తీగని తాళం వైపుకి మార్చాను. చార్జింగయి వచ్చిన బేటరీతో మర్నాడు బండి ఇలా తిప్పగానే స్టార్టయింది, ఆ తరవాత మళ్ళీ మొరాయించలేదు. "చూశావా, దొంగ పోయాడు, రోగం పోయింది," అన్నాడు మావయ్య. ఊరంతా చెప్పాడు. నేను చేసిన రిపేరే అతని మీద రుజువైంది. కారున్న ఏ ఇంటివాళ్ళూ సన్యాసిని మళ్ళీ పెట్టుకోలేదు.

మొన్న కోటపాడు రోడ్డులో కనిపించాడు, ఎవరివో ఎడ్లతో చెరకు బండి తోలుతూ. ఆపి, "బేటరీ బాగుందా సినబాబూ?" అన్నాడు. మర్యాదకి అడిగాడా? అంతా తెలిసే అడిగాడా? అతని మొహమంతా వెతికాను, ఏమీ దొరకలేదు. బాగుందన్నాను. ఎడ్లని అదిలించుకుని వెళ్ళిపోయాడు.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరు వెళ్ళి అతనికి చెప్పరన్న ధైర్యంతోనే చెబుతున్నానేమోనని నా మీద నాకే అనుమానం. అయినా కాస్త తేలికగా ఉంది.

బేటరీ నిజంగానే బాగుంది. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటరు పోస్తే చాలు.